యూరిన్ పైపు, డ్రిప్పు పైపు

(అనంతపురంలో నర్సింగ్, ఫార్మసీ విద్యార్థుల కోసం జరిగిన సభలో ఒక ఫార్మసీ అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. విద్యార్థుల సభ అని చెప్పి నన్ను పిలిచారు. వచ్చి చూస్తే ముందు వరసల్లో పెద్దవాళ్లు కూర్చున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంది. ఈ రోజు నేను మాట్లాడే విషయం పిల్లలకు పుస్తకాల్లో తెలుసు. మీలో కొందరికి ఒంటి మీదే తెలిసి ఉంటుంది.

నా చేతిలో ఉన్నది ఫోలీ క్యాథెటర్. మనం యూరిన్ పైపు అంటాం. ఇది 16 సైజుది. సైజును 3తో భాగిస్తే పైపు మందం మిల్లీమీటర్లలో వస్తుంది. ప్యారిస్‌లో ఆపరేషన్ పనిముట్లు తయారుచేసిన షారియేర్ అనే ఆయన పెట్టిన కొలత అది. అంటే ఈ పైపు మందం 5 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. చివర పక్కగా ఈ రెండు కన్నాలు చూడండి, మూత్రం దిగేది వీటిలోంచే. వాటి కింద రబ్బరు కొంచెం వదులుగా ఉంది కదా, అక్కడే చూస్తూ ఉండండి. సిరంజితో 10 మిల్లీలీటర్ల నీళ్లు ఎక్కిస్తున్నాను. ఉబ్బింది. పెద్ద ఉసిరికాయంత అయింది. మూత్రాశయం లోపల ఈ ఉసిరికాయ అడ్డం ఉండబట్టే పైపు జారి బయటికి రాదు. 1930లలో అమెరికాలో ఫ్రెడరిక్ ఫోలీ అనే యూరాలజిస్టు ఈ బుడగ పైపును వాడుకలోకి తెచ్చాడు. ఇంచుమించు 90 ఏళ్లు. రబ్బరు మెరుగుపడింది, సిలికాన్ వచ్చింది, పైపూతలు వచ్చాయి. ఆకారం మాత్రం అదే.

ఇప్పుడు ఎవరి దగ్గరైనా పది రూపాయల బిళ్ల ఉంటే తీసి అరచేతిలో పెట్టుకోండి. మూత్రాశయం అడుగున మూడు మూలల చోటు ఒకటుంది. కిడ్నీల నుంచి వచ్చే రెండు నాళాలు తెరుచుకునే రంధ్రాలు రెండు మూలలు. మూత్రం బయటికి పోయే దారి మూడో మూల. దాన్ని ట్రైగోన్ అంటారు. మూత్రాశయం ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కో వైపు రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. మీ చేతిలో ఉన్న బిళ్లంత. నరాలు దట్టంగా ఉన్న చోటు. ఈ బుడగ వెళ్లి కూర్చునేది సరిగ్గా దాని మీదే. మనిషి పక్కకు తిరిగినా, లేచి కూర్చున్నా, పైపు కాస్త లాగినా అది అక్కడ రాసుకుంటుంది.

ఈ బిళ్లంత చోటు గురించి నేను ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, మా నాయన గురించి చెప్పాలి.

మా నాయన నార్పల పక్కన చీనీ (బత్తాయి) రైతు. నాలుగేళ్ల కిందట ఒక రాత్రి ఉన్నట్టుండి మూత్రం ఆగిపోయింది. ప్రొస్టేటు గ్రంథి పెరిగి దారి మూసేసింది. ఆసుపత్రిలో పైపు వేయగానే లీటరుకు దగ్గరగా దిగింది. అప్పుడు ఆయన ముఖంలో కనిపించిన హాయి నాకు ఇప్పటికీ గుర్తుంది. కాబట్టి పైపు చెడ్డదని నేను అనను. ఆ రాత్రి మమ్మల్ని ఆదుకున్నది అదే.

బాధ మరుసటి రోజు మొదలైంది. “వస్తాంది రా, ఆగదు, లేపు నన్ను” అంటాడు. “నాయనా, పైపు ఉండాది కదా, దాంట్లోనే పోతాంది” అంటాను. లేపి కూర్చోబెడితే పడుకోబెట్టమంటాడు, పడుకోబెడితే లేపమంటాడు. రాత్రి రెండు గంటలప్పుడు మంచం పట్టీని రెండు చేతులతో పట్టుకొని పళ్లు బిగబట్టాడు. నుదుటి మీద చెమట. నేను వంగి బ్యాగు చూశాను. మూత్రం బాగానే దిగుతోంది. లోపల ఏమీ నిలవ లేదు. అయినా ఆయనకు నిండుకుండ మోస్తున్నట్టే ఉంది. డ్యూటీలో ఉన్నవాళ్లను పిలిస్తే, “పైపు ఉంటే అట్లే ఉంటుంది, ఓర్చుకోవాల” అన్నారు. మందు శరీరంలోకి ఎలా వెళ్తుంది, ఎక్కడ ఎంత విడుదల కావాలి అనే పాఠం ఏళ్లుగా చెబుతున్నవాణ్ణి నేను. ఆ రాత్రి ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ సిగ్గు నాకు ఇంకా ఉంది. ఈ సభకు రావడానికి సగం కారణం అదే.

నర్సింగ్ పిల్లలు దీన్ని బాగా వినాలి. రోగి “వస్తోంది, వస్తోంది” అంటే అది చాదస్తం కాదు, భయం కాదు. వైద్యంలో దానికి పేరుంది, సీఆర్‌బీడీ అంటారు. క్యాథెటర్ వల్ల మూత్రాశయానికి కలిగే బాధ అని అర్థం. ఆపరేషన్ తర్వాత పైపుతో మేలుకున్నవాళ్లలో ఇది 47 నుంచి 90 శాతం మందికి ఉంటుందని వేర్వేరు అధ్యయనాల్లో తేలింది. దీని మీద ముందుగా శ్రద్ధపెట్టిన వాళ్లలో మన దేశపు డాక్టర్లున్నారు. లక్నోలోని సంజయ్ గాంధీ పీజీ వైద్య సంస్థలో మత్తు ఇచ్చే డాక్టర్లు 2005లోనే, ఆపరేషన్‌కు ముందు టోల్టెరోడిన్ మాత్ర ఇస్తే ఈ బాధ తగ్గుతుందని పరీక్షించి చూపించారు.

లోపల జరిగేది ఇదీ. బుడగ ఒరిపిడికి అక్కడి నరాల చివరలు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. మూత్రాశయపు కండరం మీద మస్కరినిక్ గ్రాహకాలు ఉంటాయి, వాటిలో ముఖ్యమైనది ఎం3. అవి ఆ రసాయనాన్ని అందుకుని కండరాన్ని బిగిస్తాయి. అక్కడున్నది మూత్రమో, రబ్బరు బుడగో మూత్రాశయానికి తెలియదు. ఏదో ఉంది, బయటికి నెట్టాలి, అంతే. అలా బిగుసుకున్నప్పుడే పైపు పక్క నుంచి మూత్రం కారుతుంది. చాలామంది పైపు చిన్నదైంది కాబట్టి కారుతోందనుకొని ఇంకా లావు పైపు వేస్తారు. ఒరిపిడి మరింత పెరుగుతుంది. దయచేసి ఆ పని చేయవద్దు.

మా నాయనకు ఆ గ్రాహకాలను అడ్డుకునే ఆక్సీబ్యూటినిన్ మాత్ర రాశారు. రాసిన డాక్టరుది తప్పు కాదు, ఎక్కువమంది వాడే మందు అదే. మూత్రాశయం కాస్త నెమ్మదించింది కూడా. కానీ ఎం3 గ్రాహకాలు మూత్రాశయంలో మాత్రమే ఉండవు. లాలాజలం ఊరే చోట ఉంటాయి, పేగుల్లో ఉంటాయి. వాటి తోబుట్టువులు మెదడులోనూ ఉంటాయి. రెండో రోజుకు ఆయన నోరు ఎండిపోయింది. సంగటి ముద్ద మింగలేక నీళ్లతో కలిపి జారుడుగా తాగాడు. నాలుగు రోజులు మలబద్ధకం. మలం గట్టిపడితే అది మూత్రాశయాన్ని వెనక నుంచి నొక్కుతుంది, పైపు బాధ ఇంకా పెరుగుతుంది. అయిదో రాత్రి నన్ను ఎప్పుడో చనిపోయిన మా చిన్నాయన పేరుతో పిలిచాడు. తోటలో మోటరు ఆపి రమ్మన్నాడు. మాత్ర ఆపిన రెండు రోజులకు తేరుకున్నాడు.

తేరుకున్నాక ఇంటికి తెచ్చాం. బ్యాగును గుడ్డ సంచిలో పెట్టుకొని తోటలో చెట్టు కింద కూర్చున్నాడు. మాత్ర వల్ల ఏం జరిగిందో నేను వివరంగా చెప్పాను. అంతా విని, కాలి దగ్గర ఉన్న డ్రిప్పు పైపు చూపించి, “చెట్టుకు దప్పికయితే మడంతా పారగట్టేది మేము ఎప్పుడో మానుకుంటిమి. మీ మందులోళ్లు ఇంకా ఒళ్లంతా పారగడతాండారా?” అని అడిగాడు.

నేను ఇంతవరకు ఏ పాఠంలోనూ ఇంత సూటి ప్రశ్న వినలేదు. మన జిల్లాలో నీటి విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు. కాలవ కట్టి పారిస్తే నీళ్లు సగం దారిలోనే ఇంకిపోతాయి, కలుపు మొలుస్తుంది, చెట్టుకు చేరేది కొంచెం. డ్రిప్పరు గంటకు 4 లీటర్లు వేరు దగ్గరే వదులుతుంది. మాత్ర మింగడం అంటే మడి పారించడమే. పది రూపాయల బిళ్లంత చోటు కోసం మనిషి మొత్తానికి మందు పెడుతున్నాం. నోరు ఎండటం, మతి తప్పడం ఆ దారిలో మొలిచిన కలుపు.

శరీరంలో ఇలా అవసరమైన చోటే డ్రిప్పు పెట్టడం కొత్త ఆలోచన కాదు. ఆడవాళ్లకు మాలా-డి మాత్ర తెలుసు. అందులో లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోను 150 మైక్రోగ్రాములు ఉంటుంది, రోజూ మింగాలి. అదే హార్మోనును గర్భసంచిలో పెట్టే లూప్ నుంచి వదిలితే మొదట్లో రోజుకు 20 మైక్రోగ్రాములు చాలు, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. రెండూ పనిచేసే తీరులో తేడా ఉంది, అయినా మోతాదులో ఎంత దూరం ఉందో చూడండి. గుండెకు వేసే మందు పూసిన స్టెంట్ కూడా ఇదే దారి. మందు అవసరమైన రక్తనాళపు గోడకే అందుతుంది.

మరి మూత్రాశయానికి ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు? అక్కడ మందు నిలవడం కష్టం. రోజుకు లీటరున్నర, రెండు లీటర్ల మూత్రం వచ్చి కడిగేస్తూ ఉంటుంది. దానికి తోడు మూత్రాశయపు లోపలి పొర శరీరంలోని గట్టి అడ్డుగోడల్లో ఒకటి. మూత్రంలోని మలినాలు తిరిగి రక్తంలోకి పోకుండా ఉండాలి కాబట్టి ప్రకృతి అలా కట్టింది. ఆ గోడ మందును కూడా ఆపుతుంది. లిగ్నోకెయిన్‌నే తీసుకోండి, మొద్దుబారడానికి వాడే మందు. మూత్రం ఆమ్లంగా ఉంటే లిగ్నోకెయిన్ అణువు విద్యుదావేశం పొందుతుంది, అప్పుడు గోడ దాటలేదు. సోడా బైకార్బొనేట్ కలిపి ఆమ్లం తగ్గిస్తే దాటుతుంది. ఫార్మసీ పిల్లలు పీహెచ్, పీకేఏ లెక్కలు ఎందుకురా అని విసుక్కుంటారు. ఒక ముసలాయన రాత్రి నిద్రపోతాడా లేదా అన్నది ఆ లెక్కలోనే ఉంది.

ఈ కష్టాన్ని దాటిన ఒక పరికరం గురించి చెప్తాను. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మైకేల్ సీమా, హీజిన్ లీ అనే పరిశోధకులు దాన్ని రూపొందించారు. సన్నటి సిలికాన్ గొట్టం, లోపల వరసగా చిన్న చిన్న లిగ్నోకెయిన్ బిళ్లలు, పక్కనే తన ఆకారాన్ని గుర్తుపెట్టుకునే లోహపు తీగ. దాన్ని నిటారుగా సాగదీసి క్యాథెటర్‌లాంటి గొట్టం గుండా లోపలికి తోస్తారు. మూత్రాశయంలోకి చేరగానే జిలేబిలా చుట్టుకుంటుంది. చుట్ట కాబట్టి మూత్రంతో పాటు కొట్టుకుపోదు. మూత్రంలోని నీరు సిలికాన్ గోడ గుండా లోపలికి ఇంకుతుంది, బిళ్లను కరిగిస్తుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి మందు సన్నని రంధ్రం గుండా కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. బ్యాటరీ లేదు, మోటరు లేదు. రెండు వారాల పాటు ఇలా నడుస్తుంది. ఎప్పటికీ తగ్గని మూత్రాశయపు నొప్పి జబ్బు ఉన్నవాళ్ల మీద చేసిన తొలి ప్రయోగాల ఫలితాలు 2012లో వచ్చాయి.

నొప్పి కోసం పుట్టిన ఆ జిలేబి తర్వాత క్యాన్సర్ వైపు వెళ్లింది. అదే కుటుంబానికి చెందిన పరికరంలో జెమ్‌సైటబిన్ మందు నింపి, మూత్రాశయ క్యాన్సర్‌లో ఒక రకానికి 2025 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఒకసారి పెడితే మూడు వారాలు మందు వదులుతుంది. మూత్రాశయంలో డ్రిప్పు పెట్టవచ్చని ఇక ఎవరూ సందేహించనక్కర్లేదు. పైపు బాధకు మాత్రం ఆ స్థాయి పరికరం ఇంకా మన మంచం దగ్గరికి రాలేదు.

నా మనసుకు దగ్గరైన దారి మరొకటి ఉంది. మళ్లీ ఈ బుడగ చూడండి. వార్డులో పనిచేసే అక్కలకు తెలుసు, సిలికాన్ పైపు నెల తర్వాత తీసేటప్పుడు ఎక్కించిన నీళ్లన్నీ తిరిగి రావు. 10 ఎక్కిస్తే తక్కువే వస్తుంది. బుడగ చిల్లు పడలేదు, మరి ఆ నీళ్లు ఎక్కడికి పోయాయి? గోడ గుండా నెమ్మదిగా ఇంకిపోయాయి. సిలికాన్ మనం అనుకునేంత మూసుకున్న గోడ కాదు. కొవ్వులో కరిగే చిన్న అణువులైతే ఇంకా సులువుగా దాటతాయి. ఇంగ్లండు పక్కన వేల్స్‌లో, కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్టిక్లర్ బృందం దీన్నే వాడుకుంది. బుడగలో ఉత్త నీళ్లకు బదులు ట్రైక్లోసాన్ అనే సూక్ష్మజీవుల మందు నింపారు. అది బుడగ గోడ దాటి మూత్రంలోకి ఊరింది. ప్రోటియస్ అనే బ్యాక్టీరియా మూత్రంలోని యూరియాను విడగొట్టి అమోనియా చేస్తుంది, దాంతో సున్నపు గారలాంటిది పేరుకుని పైపు మూసుకుపోతుంది. ప్రయోగశాలలో కట్టిన నమూనా మూత్రాశయంలో ఆ గార పట్టకుండా ఈ బుడగ ఆపింది. 2003లో ఆ ఫలితాన్ని ప్రచురించారు.

వాళ్లు చూసింది గార సంగతి. నేను ఆలోచించేది నొప్పి సంగతి. ట్రైగోన్ మీద కూర్చునేది ఈ బుడగే, రాసుకునేది ఈ బుడగే. కండరాన్ని నెమ్మదింపజేసే మందో, మొద్దుబార్చే మందో ఈ బుడగ చర్మంలోంచే ఊరితే, ఎక్కడ ఒరిపిడి ఉందో అక్కడే మందు పడుతుంది. డ్రిప్పరును వేరు మొదట్లో పెట్టినట్టు. దీని మీద పనిచేయాలనుకునే పిల్లలు నా దగ్గరికి రండి. మందు ఎంత వేగంతో గోడ దాటుతుంది, మొదటి రోజు ఒక్కసారిగా కుమ్మరించకుండా ఎలా ఆపాలి, బుడగ పగిలితే లోపలున్న మందంతా ఒకేసారి పడినా ప్రమాదం లేకుండా ఎంత నింపాలి, ఇవన్నీ మన కాలేజీ ప్రయోగశాలలోనే మొదలుపెట్టదగిన ప్రశ్నలు.

ఉత్సాహంతో పాటు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మందు పూసినంత మాత్రాన మేలు జరగదు. బ్రిటన్‌లో 24 ఆసుపత్రుల్లో, 7,000 మందికి పైగా రోగులతో ఒక పెద్ద పరీక్ష జరిగింది, 2012లో ఫలితాలు వచ్చాయి. కొద్ది రోజుల కోసం వేసే పైపుల్లో వెండి పూత ఉన్నవాటినీ, నైట్రోఫ్యూరజోన్ మందు పట్టించినవాటినీ మామూలు పైపులతో పోల్చారు. ఇన్‌ఫెక్షన్ల విషయంలో చెప్పుకోదగ్గ లాభం రాలేదు. పైగా నైట్రోఫ్యూరజోన్ పైపు వేసుకున్నవాళ్లకు బాధ ఎక్కువైంది. కిడ్నీ రాళ్ల ఆపరేషన్ అయినవాళ్లకు కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా వేసే సన్న గొట్టం, డీజే స్టెంట్ సంగతీ అంతే. కీటోరోలాక్ అనే నొప్పి మందు వదిలే స్టెంట్ మీద పరీక్ష చేసి 2010లో ఫలితాలు చెప్పారు. అనుకున్న ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. అందుకే రోగిని అడగకుండా, బాధను కొలవకుండా, ప్రయోగశాల గీతల్ని చూసి మురిసిపోకూడదు.

ధర సంగతి కూడా అడుగుతారు. మామూలు లేటెక్స్ పైపు వంద, రెండు వందల్లో దొరుకుతుంది. మందు వదిలే పైపు పేదవాడికి అందుతుందా? గుండె స్టెంట్ గురించీ ఇదే అన్నారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందు పూసిన స్టెంట్ ధరను 29,600 రూపాయలకు కట్టడి చేసింది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ గుండె కవాటాన్ని మన దేశంలోనే తయారుచేసి 1990లో మొదటి రోగికి అమర్చింది. కవాటం చేయగలిగిన దేశానికి బుడగ ఒక లెక్క కాదు.

అది వచ్చేదాకా మంచం దగ్గర మన చేతిలో ఉన్నవి చాలా ఉన్నాయి. మూత్రం దిగడానికి సరిపోయే సన్న పైపు వేయండి, మగవాళ్లకు మామూలుగా 14 లేదా 16 చాలు. పైపును తొడకు అతికించండి. మా నాయన విషయంలో అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఈ అతికించడమే. వేలాడే బ్యాగు బరువంతా బుడగ మీద పడుతుంది, బుడగ ట్రైగోన్‌ను నొక్కుతుంది. మా ఊరి ఆర్‌ఎంపీ వచ్చి కాస్త వదులు ఉంచి తొడ మీద ప్లాస్టరు వేశాడు. ఆ రాత్రి మా నాయన నాలుగు గంటలు ఒకే పట్టున నిద్రపోయాడు. రెండు జానల ప్లాస్టరు!

ఇక అన్నిటికంటే పెద్ద మందు, అవసరం తీరగానే పైపు తీసేయడం. పైపు ఉన్న ఒక్కో రోజుకు ఇన్‌ఫెక్షన్ ప్రమాదం 3 నుంచి 7 శాతం పెరుగుతుంది. సంజయ్ సెయింట్ అనే అమెరికా డాక్టరు, ఆయన సహచరులు 2002లో ఈ పైపును రోగిని మంచానికి కట్టేసే కట్టుతో పోల్చారు. గుంజకు కట్టేసిన పశువు తాడు ఉన్నంతవరకే తిరుగుతుంది కదా. కాబట్టి రౌండ్స్‌లో రోజూ ఒక ప్రశ్న అడగండి. ఈ పైపు ఈ రోజు అవసరమా? ఇంకొక మాట, కండరాన్ని నెమ్మదింపజేసే మాత్రలు వాడుతుంటే, పైపు తీసేముందు వాటిని ఎప్పుడు ఆపాలో డాక్టరును అడగండి. లేకపోతే తీశాక మూత్రాశయం బిగుసుకోక మళ్లీ ఆగిపోవచ్చు.

మా నాయనకు ప్రొస్టేటు దగ్గర దారిని వదులుచేసే టామ్సులోసిన్ మందు మొదలుపెట్టి, రెండో ప్రయత్నంలో పైపు తీశారు. మూడు గంటల పాటు ఇంటిల్లిపాదీ ఆయన వంకే చూస్తూ కూర్చున్నాం. బాత్రూమ్‌లోంచి ఆయన గట్టిగా కేకేశాడు, “పోయిండాను రా!” అని. మా అమ్మ కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు ఈ ట్రే మీ దగ్గరికి వస్తుంది. బుడగను వేళ్లతో నొక్కి చూడండి. ప్రశ్నలుంటే అడగండి.

(ముందు వరసలోని ఒక పెద్దావిడ, పక్షవాతం వచ్చిన తన భర్తకు ఇంట్లోనే నెలనెలా పైపు మారుస్తున్నారని, మార్చేటప్పుడల్లా ఆయన ఏడుస్తారని చెప్పారు. దానికి ఇచ్చిన సమాధానం.)

అమ్మా, మీరు చెప్పింది చాలా ముఖ్యం. రెండు చోట్ల చూడండి. పాత పైపు తీసేటప్పుడు బుడగలోని నీళ్లను సిరంజితో బలంగా లాగకూడదు. సిరంజి తగిలించి వదిలేస్తే నీళ్లు వాటంతట అవే వస్తాయి. గట్టిగా లాగితే బుడగ ముడతలు పడి అంచు కడుతుంది, ఆ అంచు బయటికి వచ్చేటప్పుడు గీరుకుంటుంది. రెండోది, కొత్త పైపు వేసేముందు లిగ్నోకెయిన్ జెల్లీ పెడతారు కదా, చాలామంది జెల్లీ పెట్టిన వెంటనే పైపు తోసేస్తారు. అప్పుడది జారడానికి పనికొస్తుంది, మొద్దుబారడానికి కాదు. మందు పట్టాలంటే కనీసం 3 నుంచి 5 నిమిషాలు ఆగాలి. మార్చడానికి వచ్చే అబ్బాయికి తొందర ఉంటుంది, ఇంకో ఇంటికి వెళ్లాలి. మీరు గడియారం చేతిలో పట్టుకొని పక్కన నిలబడండమ్మా. అయిదు నిమిషాలు అయ్యాక, ఇప్పుడు వెయ్యి నాయనా అని మీరే చెప్పండి.